ఏజెంటా, గుత్తేదారా? బ్యాండ్ సింగర్‌కూ మాజీ మేనేజర్‌కూ తగాదా ఎక్కడ మొదలవుతుంది

గుంటూరు బ్రాడీపేటలో ఐదుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండ్ ఒకటి ఉందనుకుందాం. వడ్లమూడి వైపు ఒక కాలేజీ ఫెస్టులో ప్రోగ్రాం చేశారు. రాత్రి పదకొండున్నరకు డ్రమ్ములు, ఆంప్లిఫయర్లు బండికెక్కించి ఇంటికి చేరారు. రెండు రోజుల తర్వాత వాట్సాప్ గ్రూపులో మేనేజర్ మెసేజ్ పెట్టాడు: "పేమెంట్ వచ్చింది, ఒక్కొక్కరికి 14 వేశాను." ఐదుగురికీ కలిపి 70,000 రూపాయలు. అందరూ బొటనవేలు గుర్తు పెట్టేశారు. నెల గడిచాక, ఆ కాలేజీలోనే చదివే స్నేహితుడు టీ తాగుతూ మాటల్లో అన్నాడు, "మీకు లక్షా ఎనభై ఇచ్చారటగా" అని. సింగర్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగిలిన లక్షా పదివేలు ఏమయ్యాయి?

ఆ డబ్బు ఎటు పోయిందో ఎవరైనా కూర్చుని రాస్తే ఇలా తేలవచ్చు. కాలేజీ వాళ్ళు ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకున్నారు, అది 18,000. షో ఇప్పించిన ఈవెంట్ మనిషికి మరో 18,000. కాలేజీ పెట్టిన సౌండ్ చాలక అదనంగా తెప్పించిన మానిటర్లకు, మైకులకు 22,000. టెంపో ట్రావెలర్‌కు 9,500. తిండికి, రూమ్‌కు 6,000. కీబోర్డు వాయించడానికి బయటి నుంచి పిలిచిన కుర్రాడికి 8,000. మేనేజర్ కమిషన్ 15 శాతం, అంటే 27,000. అన్నీ కలిపితే 1,08,500. మిగిలింది 71,500. పంచింది 70,000. పైన ఉన్న 1,500 డ్రమ్ముకు కొత్త స్కిన్ వేయించడానికి పోయింది.

ఇక్కడ దొంగతనం లేదు. అయినా ఈ బంధం మరో మూడు నెలల్లో తెగిపోతుంది. ఎందుకంటే పై లెక్క ఎవరూ రాయలేదు. సింగర్ మనసులో ఉన్న లెక్కలో లక్షా ఎనభైకి, డెబ్బైకి మధ్య ఖాళీ తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో అనుమానం పెరుగుతుంది.

లెక్క రాసి ఉంటే ఇంకో సంగతి కూడా బయటపడేది. టీడీఎస్ కట్ అయింది ఎవరి పాన్ మీద? కాలేజీ డబ్బు వేసింది మేనేజర్ ఖాతాలోకి. కాబట్టి ఆ 18,000 మేనేజర్ పాన్ మీదే జమ అయింది. ఏడాది చివర రిటర్న్ వేస్తే ఆ పన్ను క్రెడిట్ అతనికే వస్తుంది. బ్యాండ్ సభ్యుల వాటాలోంచి పోయిన డబ్బు మేనేజర్ పన్ను కింద సర్దుబాటవుతుంది. అతను కావాలని చేసింది కాదు, బహుశా అతనికీ తెలియదు. ఇలాంటివి పన్నెండు షోలు చేస్తే కాగితం మీద అతని రాబడి 20 లక్షలు దాటుతుంది, అప్పుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ బాధ్యత కూడా అతని మెడకే చుట్టుకోవచ్చు. అతనికి దక్కింది మాత్రం అందులో 15 శాతమే. అంటే లెక్క రాయకపోవడం వల్ల ఇద్దరూ నష్టపోతున్నారు.

ఇంకొకటి, ఆ 15 శాతం దేని మీద? మొత్తం 1,80,000 మీద అయితే 27,000. ఖర్చులు (టీడీఎస్ కాకుండా 63,500) తీసేశాక మిగిలిన 1,16,500 మీద అయితే 17,475. తేడా 9,525. సీజన్‌లో ఇలాంటివి ఇరవై షోలు చేస్తే 1,90,500. "పదిహేను శాతం ఇస్తాం" అని మొదటిరోజు చెయ్యి కలిపినప్పుడు సింగర్ అనుకున్నది ఒకటి, మేనేజర్ అనుకున్నది మరొకటి. ఇద్దరూ నిజాయితీపరులే అయి ఉండవచ్చు.

మేనేజర్ ఆ లెక్క ఎందుకు రాయలేదు? మన ప్రాంతంలో ప్రోగ్రాంలు మాట్లాడుకునే పద్ధతిలోనే దీనికి జవాబుంది. తెనాలి, గుంటూరు, బెజవాడల్లో పద్యనాటకాలు ఒక వెలుగు వెలిగిన రోజుల్లో కాంట్రాక్టు నాటకాలు ఉండేవి. కాంట్రాక్టర్ ఊరివాళ్ళతో ఒక మొత్తానికి ఒప్పుకునేవాడు. నటులకు రాత్రికి ఇంతని మాట్లాడుకునేవాడు. మిగిలితే అతనిది, తగ్గితే అతనే పెట్టుకోవాలి. ఊరివాళ్ళు ఎంతిచ్చారని నటుడు అడిగేవాడు కాదు, అడగాల్సిన పనీ లేదు. పెళ్ళి ఆర్కెస్ట్రాలు, వినాయకచవితి పందిళ్ళ ప్రోగ్రాంలు, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల దగ్గర పెట్టే పాటకచేరీలు ఇప్పటికీ చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి. దీన్ని గుత్త అంటాం. గుత్తేదారు తన రిస్కు మీద కొని, తన లాభానికి అమ్ముకునే వ్యాపారి. అందులో తప్పేమీ లేదు.

రాక్ బ్యాండ్ మేనేజర్ పద్ధతి ఇక్కడిది కాదు, ఇంగ్లాండ్, అమెరికాల నుంచి వచ్చింది. ఇంగ్లాండ్ బ్యాండ్ బీటిల్స్‌కు మేనేజర్‌గా బ్రయాన్ ఎప్‌స్టీన్ 25 శాతం మీద పనిచేశాడు. అక్కడ మేనేజర్ వ్యాపారి కాదు, బ్యాండ్ తరఫున మాట్లాడే మనిషి. వచ్చిన ప్రతి రూపాయీ బ్యాండ్‌ది, అందులో అతనికి వాటా ఉంటుంది. గుత్తకూ దీనికీ పేరులోనే కాదు, లోపలి లెక్కలోనూ పోలిక లేదు. మన దగ్గర గొడవంతా ఈ రెండు పద్ధతులు కలగలిసిపోవడంలోనే ఉంది. శాతం తీసుకునేటప్పుడు మేనేజర్, లెక్క అడిగేటప్పుడు గుత్తేదారు. "మీకు ఒక్కొక్కరికి 14 వచ్చిందిగా, మిగతా టెన్షన్ అంతా నాది" అన్న మాట గుత్తేదారు మాట. ఆ మాట అనదలిస్తే 15 శాతం కమిషన్ అడగకూడదు. కమిషన్ తీసుకుంటే ఆ మాట అనకూడదు. సింగర్లు కూడా ఈ తేడాను ఒప్పుకోవాలి. మొదట గుత్తకు ఒప్పుకుని, పేరొచ్చాక వెనక్కి వెళ్ళి మొత్తం లెక్క చెప్పమంటే అది న్యాయం కాదు.

ఈ తేడా అర్థం కావడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే చాలు. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చి కమిషన్ ఏజెంట్ దగ్గర దించుతాడు. సరుకు అమ్ముడుపోయాక రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ ధర, హమాలీ ఎంత, కమిషన్ ఎంత, చేతికొచ్చేది ఎంత, అన్నీ ఒకే చీటీ మీద. రేటు దగ్గర రైతు గొడవపడొచ్చు, తూకం దగ్గర గొడవపడొచ్చు, కానీ దేని గురించి గొడవపడుతున్నాడో అతనికి తెలుసు. ఏజెంట్ దగ్గర పెట్టుబడికి అప్పు తెచ్చుకున్న రైతుకు కూడా తక్‌పట్టీ అడిగే హక్కు పోదు. మిర్చి అమ్ముకున్న తండ్రి చేతిలో ఉన్న కాగితం పాట పాడిన కొడుకు చేతిలో లేదు.

చట్టం దృష్టిలో ఆ కమిషన్ ఏజెంటూ, శాతం తీసుకునే ఈ మేనేజరూ ఒకే కోవకు చెందుతారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 182వ సెక్షన్ ప్రకారం ఒకరి తరఫున మూడో వ్యక్తితో వ్యవహారం నడిపేవాడు ఏజెంట్. దీనికి స్టాంపు పేపరు ఉండి తీరాలని లేదు. నడిచిన తీరును బట్టి కూడా ఏజెన్సీ ఉందని చెప్పవచ్చని 187వ సెక్షన్ అంటుంది. కాలేజీ కల్చరల్ కోఆర్డినేటర్‌తో "మా బ్యాండ్ రేటు ఇంత" అని మేనేజర్ పంపిన మెసేజ్‌లు, అడ్వాన్స్ తీసుకున్న యూపీఐ రికార్డులు, వీటి నుంచే ఆ సంబంధం తేలిపోతుంది. "మన మధ్య అగ్రిమెంటే లేదు కదా" అని ఏ పక్షం అన్నా ఆ వాదన ఎక్కువ దూరం పోదు.

ఏజెంట్ అయ్యాక రెండు సెక్షన్లు ముఖ్యం. అడిగినప్పుడు సరైన లెక్క చూపాలని 213వ సెక్షన్ చెబుతుంది. ఇది బతిమాలి తెచ్చుకునే సాయం కాదు, హక్కు. యజమానికి తెలియకుండా ఏజెన్సీ పనిలో తన కోసం వ్యాపారం చేసుకుంటే, దానివల్ల వచ్చిన లాభం యజమాని అడగవచ్చని 216వ సెక్షన్ అంటుంది. ఇక్కడ యజమాని అంటే బ్యాండ్. సౌండ్ వాళ్ళ దగ్గర 22,000 బిల్లు రాయించి 16,000 కట్టడం, ఈవెంట్ మనిషి వాటాలో సగం వెనక్కి తీసుకోవడం, ఇవన్నీ దీని కిందకే వస్తాయి.

ఈ సూత్రం ఎంత గట్టిదో చూపడానికి బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ కేసు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. బీటిల్స్‌లో ముగ్గురికి, హారిసన్‌కు సొంతంగానూ, అలెన్ క్లైన్ మేనేజర్‌గా ఉండేవాడు. హారిసన్ 1970లో విడుదల చేసిన ఒక పాట బాణీ పాత పాటను పోలి ఉందని ఆ పాత పాట హక్కులున్న కంపెనీ కేసు వేసింది. మొదట్లో ఆ కేసులో హారిసన్ తరఫున రాజీ మాటలు నడిపింది క్లైన్. 1973లో ఇద్దరూ విడిపోయారు. 1976లో కోర్టు హారిసన్‌దే తప్పని తేల్చింది. 1978లో ఆ పాత పాట హక్కులను క్లైన్ కంపెనీయే 5,87,000 డాలర్లకు కొనేసింది. అంటే నిన్నటిదాకా తన పక్షాన మాట్లాడిన మనిషే ఇప్పుడు ఎదుటి పక్షమై నష్టపరిహారం అడుగుతున్నాడు. నష్టం లెక్క దాదాపు 16 లక్షల డాలర్లకు తేలింది. అయితే 1981లో న్యాయమూర్తి క్లైన్‌కు ఒక్క డాలరు లాభం కూడా రానివ్వలేదు. ఎంతకు కొన్నాడో అంత, దానిమీద వడ్డీ, అంతే ఇచ్చి హారిసన్ ఆ హక్కులు తీసుకోవచ్చన్నారు. మేనేజర్ పని అయిపోయినా, ఆ పనిలో ఉండగా తెలిసిన లోపలి సంగతులను పాత యజమాని మీద వాడుకోకూడదు.

తెగిపోయాక "అగ్రిమెంట్ ఐదేళ్ళకు ఉంది, ఇంకా మూడేళ్ళు నాతోనే ఉండాలి" అనడం మేనేజర్ల వైపు నుంచి ఎక్కువగా వినిపించే మాట. లండన్‌లో 1967లో సరిగ్గా ఇదే తగాదా కోర్టుకెక్కింది. ది ట్రాగ్స్ అనే బ్యాండ్ ఐదేళ్ళకు, 20 శాతం కమిషన్‌కు ఒక కంపెనీతో మేనేజ్‌మెంట్ ఒప్పందం రాసుకుంది, మధ్యలో వద్దనుకుంది. వేరే మేనేజర్‌ను పెట్టుకోకుండా ఆపమని కంపెనీ అడిగింది. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. వ్యాపారం తెలియని ఈ కుర్రాళ్ళు మేనేజర్ లేకుండా బతకలేరు, వేరేవాళ్ళను పెట్టుకోవద్దంటే మళ్ళీ ఈ కంపెనీ దగ్గరికే పొమ్మన్నట్టు అవుతుంది, నమ్మకం మీద నడిచే పనిలో ఇద్దరినీ బలవంతంగా కట్టేయడం కుదరదు అన్నది ఆ తీర్పు సారం.

మన దగ్గర క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు ఇదే దారిలో నడిచింది. 2000లో మూడేళ్ళకు కుదిరిన మేనేజ్‌మెంట్ ఒప్పందంలో, గడువు ముగిశాక కూడా వేరేవాళ్ళ ఆఫర్ వస్తే ముందు మాకే చూపించాలి అనే షరతు ఉంది. గడువు అయ్యాక జహీర్ వేరే కంపెనీకి వెళ్ళాడు. గడువు దాటాక మనిషి వృత్తికి అడ్డుపడే అలాంటి షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాండ్ సింగర్‌కూ ఇది వర్తించే మాటే. "నన్ను వదిలేస్తే రెండేళ్ళు విజయవాడ, గుంటూరుల్లో పాడకూడదు" అని ఎవరైనా రాయించుకుని ఉంటే, విడిపోయాక ఆ వాక్యానికి బలం లేనట్టే.

కానీ దీన్ని సింగర్లు పూర్తి విజయంగా తీసుకోకూడదు. గడువు ఉన్నంతకాలం నడిచే షరతుల సంగతి వేరు, అక్కడ కోర్టులు కొంత పట్టు చూపుతాయి. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కు, మేనేజర్ మైక్ ఏపెల్‌కు 1976లో మొదలైన కేసు 1977 మేలో రాజీతో ముగిసింది. ఆ మధ్యకాలమంతా తనకు నచ్చిన నిర్మాతతో స్టూడియోలోకి వెళ్ళే వీలు సింగర్‌కు లేకపోయింది. దేశమంతా పేరు మోగిపోయిన ఆల్బమ్ 1975లో వస్తే, తర్వాతిది 1978 దాకా రాలేదు. ఊళ్ళు తిరిగి కచేరీలు చేస్తూ బ్యాండ్‌ను బతికించుకున్నాడు. పైగా గడువు రాసుకున్న ఏజెన్సీని సరైన కారణం లేకుండా మధ్యలో తెంచితే 205వ సెక్షన్ కింద నష్టపరిహారం ఇవ్వాలి. గడువు లేకపోయినా సహేతుకమైన నోటీసు ఇవ్వాలని 206 అంటుంది. రాత్రి పన్నెండుకు గ్రూపులోంచి రిమూవ్ చేయడం నోటీసు కిందకు రాదు.

ఇక్కడే చాలామంది చూడని ఇంకో సెక్షన్ ఉంది, 208. ఏజెంట్‌ను తీసేసిన సంగతి బయటివాళ్ళకు తెలిసేదాకా, వాళ్ళ విషయంలో అతను ఏజెంటే. మేనేజర్‌ను జనవరిలో తీసేశారు, వడ్డేశ్వరంలో ఒక కాలేజీ వాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఫిబ్రవరిలో పాత నంబరుకే ఫోన్ చేసి 50,000 అడ్వాన్స్ ఇచ్చారు. ఆ షో చేయాల్సిన బాధ్యత బ్యాండ్ మీద పడవచ్చు, అడ్వాన్స్ మాత్రం మాజీ మేనేజర్ దగ్గర ఉంటుంది. కాబట్టి విడిపోయిన రోజునే పాత ఈవెంట్ వాళ్ళందరికీ, కాలేజీలకూ ఒక్క మెయిల్ పెట్టాలి. ఎవరినీ తిట్టకుండా, ఫలానా తేదీ నుంచి బుకింగులకు ఫలానా నంబరు అని రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. తిట్లు రాస్తే అది పరువునష్టం కేసుగా మారవచ్చు.

బుకింగ్ నంబరు, బ్యాండ్ పేరు, యూట్యూబ్ ఛానల్, ఇన్‌స్టా ఐడీ, పాటల పంపిణీ ఖాతా. ఇవన్నీ మొదట్లో మేనేజర్ ఫోన్‌తో తెరుస్తారు, ఎందుకంటే ఆ పని చేసే ఓపిక అతనికే ఉంటుంది. తర్వాత అసలు యుద్ధం వీటి మీదే జరుగుతుంది. ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ ఫ్లీట్‌వుడ్ మాక్ మేనేజర్ క్లిఫర్డ్ డేవిస్ ఆ బ్యాండ్ పేరు తనదేనన్నాడు. 1973 చివర్లో అసలు బ్యాండ్ అమెరికా టూర్ మధ్యలో ఆపేస్తే, 1974 జనవరిలో అదే పేరుతో వేరే వాయిద్యకారులను పంపి కచేరీలు చేయించాడు. జనం టికెట్ కొని లోపలికి వెళ్ళి చూస్తే వేదిక మీద తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. కోర్టు గొడవ ఏళ్ళపాటు సాగి చివరికి బయట రాజీ అయింది. ఆ దెబ్బతో బ్యాండ్ లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చి కొంతకాలం తమ మేనేజ్‌మెంట్ తామే చూసుకుంది.

మన ట్రేడ్‌మార్క్ చట్టం 1999 ప్రకారం బ్యాండ్ పేరును వినోద సేవల కింద 41వ తరగతిలో నమోదు చేయవచ్చు. పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఒకవేళ మేనేజర్ తన పేరు మీద నమోదు చేయించుకున్నా అంతటితో అయిపోయినట్టు కాదు. ముందునుంచీ ఆ పేరు వాడుతున్నవారి హక్కును 34వ సెక్షన్ కాపాడుతుంది. అయితే అది నిరూపించుకోవడానికి పాత పోస్టర్లు, కాలేజీ ఇన్విటేషన్లు, మొదటి షో వీడియో తేదీలు కావాలి. వాటిని పారేయకూడదు.

రికార్డింగుల విషయం ఇంకా చిక్కు. పాట మాటలు రాసినవారివి, బాణీ కట్టినవారిది, పాడినవారికి ప్రదర్శకుల హక్కు. కానీ సౌండ్ రికార్డింగ్‌కు కాపీరైట్ చట్టం దృష్టిలో కర్త నిర్మాత, అంటే దాన్ని తయారుచేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. హైదరాబాద్ స్టూడియోకు 40,000 కట్టింది మేనేజర్ అయితే, ఆ రికార్డింగ్ తనదే అనే వాదనకు బలం వస్తుంది. దీనికి ఎదురుగా సింగర్ చేతిలోనూ కొన్ని ఆయుధాలున్నాయి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళే. ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే. 2012 సవరణ తర్వాత, మాటలు, బాణీ సమకూర్చినవారు తమ రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసిచ్చేయడం కుదరదు, "నాకేమీ వద్దు" అని రాసినా చెల్లదు. బ్యాండ్‌లో సింగరే పాటలు రాసేవాడు కూడా అయితే ఇది పెద్ద రక్షణ.

ఇంతదాకా సింగర్ వైపు వాదన ఎక్కువగా కనిపించి ఉండవచ్చు. మేనేజర్ వైపు చూడకపోతే ఈ విశ్లేషణ సగమే అవుతుంది. బ్యాండ్ ఎవరికీ తెలియని మొదటి రెండేళ్ళలో ఇరవై కాలేజీల గేట్ల దగ్గర గంటలు గంటలు కూర్చున్నది అతనే. షో రద్దయితే వ్యాన్ అద్దె జేబులోంచి కట్టింది అతనే. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో హాలు దొరకడానికి, ఫెస్ట్ పోస్టర్‌లో పేరు పెద్దదిగా వేయించడానికి ఎవరిని ఎన్నిసార్లు కలిశాడో బ్యాండ్‌కు తెలియదు. అప్పట్లో 15 శాతం అంటే 5,000 షోకు 750 రూపాయలు. షో ధర లక్షా ఎనభైకి పెరిగే సమయానికి అతన్ని మార్చేస్తారు. అతని కోపం డబ్బు కోసమే కాదు, తన చెమట కనబడలేదన్న బాధ అది.

ఇంగ్లాండ్ కోర్టు దీన్ని కూడా గుర్తించింది. గాయకుడు గిల్బర్ట్ ఓ సలివన్, సలహా ఇచ్చేవాళ్ళు ఎవరూ లేని కుర్రవయసులో మేనేజర్ గోర్డన్ మిల్స్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నాడు. మేనేజర్ మీద ఉన్న గుడ్డినమ్మకంతో జరిగిన ఆ ఒప్పందాలను కోర్టు కొట్టేసింది. అయినా 1984లో అప్పీలు కోర్టు, ఆ గాయకుడి ఎదుగుదలకు మేనేజర్ పడ్డ శ్రమకు సహేతుకమైన ప్రతిఫలం, కొంత లాభంతో సహా, మినహాయించుకోవచ్చంది. తప్పు తప్పే, పని పనే. మన కాంట్రాక్టు చట్టంలోనూ ఏజెంట్‌కు తన ప్రతిఫలం, పెట్టిన ఖర్చులు వసూలైన డబ్బులోంచి పట్టుకునే హక్కు 217వ సెక్షన్‌లో ఉంది. మోసం చేసిన భాగానికి మాత్రం ప్రతిఫలం పోతుంది, అది 220.

విదేశీ ఒప్పందాల్లో దీనికో మంచి ఏర్పాటు కనిపిస్తుంది. మేనేజర్ వెళ్ళిపోయాక కూడా, అతని హయాంలో కుదిరిన పనుల మీద కొంతకాలం తగ్గుతూ పోయే కమిషన్ ఇస్తారు. మొదటి ఏడాది పూర్తిగా, తర్వాత సగం, ఆ తర్వాత పావు, ఇలా. మన బ్యాండ్లు ఇది రాసుకుంటే సగం గొడవలు పుట్టవు. వెళ్ళిపోయే మనిషికి వెళ్ళేదారిలో గౌరవం ఉంటే పాస్‌వర్డ్ దాచుకోవాలనిపించదు.

సింగర్‌తోనే గొడవ ఎందుకు ముదురుతుంది, బాస్ గిటార్ వాయించేవాడితో ఎందుకు రాదు? గొంతుకు బయట గిరాకీ ఉంటుంది కనుక. హైదరాబాద్ నుంచి సినిమా ట్రాక్ పాడమని పిలుపు వస్తుంది. అందులో మేనేజర్‌కు వాటా ఉందా? బ్యాండ్‌కు ఉందా? మేనేజర్ ఎవరి ఏజెంట్, ఐదుగురికా, ఒక్కడికా? సింగర్ సోలోగా ఎదిగితే మేనేజర్‌కు లాభం, బ్యాండ్‌కు నష్టం. ఇద్దరి తరఫునా ఒకే మనిషి మాట్లాడలేడు. బీటిల్స్ విడిపోవడంలోనూ ఈ ముడి ఉంది. క్లైన్‌ను ముగ్గురు కావాలన్నారు, పాల్ మెక్‌కార్ట్నీ వద్దన్నాడు. క్లైన్ మీద నేరుగా కేసు వేయడానికి దారి లేక, 1970 డిసెంబర్ 31న మిగతా ముగ్గురు స్నేహితుల మీదే భాగస్వామ్యం రద్దు కోరుతూ కేసు వేయాల్సి వచ్చింది.

గొడవ ముదిరాక మన దగ్గర అందరూ ముందు పోలీస్ స్టేషన్‌కే వెళ్తారు. నమ్మక ద్రోహం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్, మోసం 318. ఏజెంట్ చేసే నమ్మక ద్రోహానికి శిక్ష చాలా తీవ్రం కూడా. కానీ కమిషన్ మొత్తం మీదా, మిగులు మీదా అన్న తగాదా నేరం కాదు. డబ్బు లెక్కల తగాదాలకు క్రిమినల్ రంగు పులమవద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు హెచ్చరించింది. స్టేషన్‌లో పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి ఏదో ఒక అంకెకు ఒప్పించి పంపేస్తారు. లెక్క మాత్రం అప్పుడూ తేలదు.

సరైన చోటు సివిల్ కోర్టు. మూడు లక్షలు, ఆ పైన విలువున్న వ్యాపార తగాదా అయితే విజయవాడలో వాణిజ్య వివాదాల ప్రత్యేక కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వు అడగని పక్షంలో అక్కడ దావాకు ముందే మధ్యవర్తిత్వం తప్పనిసరి. దావా వేయడానికి గడువు మూడేళ్ళు. ఇంకో చిక్కు, బ్యాండ్ అనేది చట్టం దృష్టిలో చాలాసార్లు రిజిస్టర్ కాని భాగస్వామ్యం. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం అలాంటి సంస్థ కాంట్రాక్టు హక్కు కోసం బయటివాళ్ళ మీద దావా వేయలేదు. కాబట్టి లాయర్ దగ్గరికి వెళ్ళేముందు రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గరికి వెళ్ళడం మంచిది.

ఇక సాక్ష్యం. వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్ తీసి ఇస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) సహా సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చినప్పుడు పాత చాట్ పోతే దానికి మందు లేదు. బ్రాడీపేట బ్యాండ్ దగ్గర ఉన్న ఆ ఒక్క మెసేజ్, "ఒక్కొక్కరికి 14 వేశాను", డబ్బు మేనేజర్ చేతుల మీదుగా నడిచిందని రుజువు చేస్తుంది. లక్షా ఎనభై అన్న అంకె మాత్రం అందులో లేదు. ఆ అంకె ఇంకోచోట ఉంది. కాలేజీ పట్టుకున్న టీడీఎస్ వల్ల, మేనేజర్ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో, ఎవరు చెల్లించారో, ఎంత చెల్లించారో, ఏ తేదీనో అన్నీ వరుసగా నమోదై ఉంటాయి. దాన్ని తెప్పించమని బ్యాండ్ కోర్టును అడగవచ్చు. లాగిన్ అయి, డౌన్‌లోడ్ చేసి, ఖర్చుల చీటీతో కలిపి అదే వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మేనేజర్‌కు పది నిమిషాలు చాలు.